మా పెద్దమ్మ చర్చికి ఎన్ని అడుగులు

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది ఒక యంత్రం చెడిపోయిందో లేదో చూడటానికి.

మా అమ్మకు అక్క మార్తమ్మ, పర్చూరు అవతల ఒక పల్లెలో ఒంటరిగా ఉంటుంది. మిరపకోతల్లో, పత్తితీతల్లో అరిగిపోయిన మోకాళ్ళు ఒకపక్క, షుగరు ఇంకోపక్క. గుంటూరులో డాక్టరుగారు ఆవిడకు ఖచ్చితంగా చెప్పారు. రోజూ నడవాలి, లేకపోతే షుగరు దిగదు. కానీ మూడు వేల అడుగులు దాటకూడదు, దాటితే మోకాళ్ళు తట్టుకోలేవు. అందుకని నేనే ఒక పెడోమీటరు కొనిచ్చాను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. నడుముకు తగిలించుకుంటే వేసిన ప్రతి అడుగూ లెక్కపెడుతుంది.

"తలవెంట్రుకలే లెక్కపెట్టిన ప్రభువుకి నా అడుగులు తెలియవట్రా?" అని నవ్వింది గానీ, బొడ్లో దోపుకుంది.

వారమంతా లెక్క సరిగానే ఉండేది. ఆదివారం మాత్రం ఏడు వేలు చూపించేది. చర్చి ఆవిడ గడపలోంచే కనిపిస్తుంది. శిఖరం మీది సిలువతో సహా. నేనెప్పుడు వెళ్ళినా ఆవిడ ముందే అక్కడికి చేరి ఉండేది, నాకు బండి మీద రెండు నిమిషాల దారి. ఏడు వేలు ఎలా అవుతాయి? యంత్రం అబద్ధం చెబుతోందనుకున్నాను. కానీ సోమవారానికల్లా మోకాళ్ళు నిజంగానే వాస్తున్నాయి. కిందటి వారం ఫోన్ చేసింది.

"ఈ ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె తీసుకుంటా. మళ్ళీ వాచిందంటే గుడి మానేస్తానురా. ఇంక నావల్ల కాదు."

జ్వరమొచ్చినా, వానొచ్చినా ఆరాధన మానని మనిషి ఆ మాట అనేసరికి నాకు ఆ మీటరు అమ్మిన కొట్టువాడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. వెళ్ళి స్వయంగా చూసి, తెచ్చి వాడి బల్ల మీద పారేద్దామని శనివారం పొద్దున్నే బయల్దేరాను.

ఆరున్నరకు గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సు ఎక్కాను. మిర్చి రోజులు కాబట్టి ఊరు దాటేదాకా టిక్కీలు, అదే మిరప బస్తాలు, వేసుకున్న లారీల వెనకే నడిచింది బస్సు. అందరమూ ఒకరి తర్వాత ఒకరం తుమ్మాం. ఈ కాలంలో ఈ దారిన వచ్చేవాళ్ళు కిటికీ సీటు కోసం కొట్లాడకండి. పేటలో ఇడ్లీ తిని, పర్చూరు మీదుగా చీరాల పోయే బస్సు పట్టుకున్నాను. వెనక సీట్లన్నీ వాడరేవు బీచికి పోయే కుర్రాళ్ళవే, ఒకటే గోల. నా పక్కన మిరపకోతకు పోతున్న ఒక ఆవిడ కూర్చుంది. ఎక్కడికండీ అంటే నా సంగతి చెప్పాను.

"నడిచేదానికి మీటరా?" అంది ఆవిడ కళ్ళు పెద్దవి చేసి. "కరెంటు మీటరైతే బిల్లొస్తుంది. దీనికేవొస్తుంది సారూ, కూలేవన్నా ఇస్తుందా?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, తీత అయిపోయి మోడుగా నిలిచిన పత్తిచేలు. పర్చూరులో దిగి షేరాటోలో పల్లె చేరేసరికి పదకొండు దాటింది.

సాయంత్రం యంత్రాన్ని నా నడుముకు తగిలించుకుని, నోటితో లెక్కపెడుతూ పెద్దమ్మ వాకిట్లో అటూ ఇటూ నడిచాను. నా లెక్కా దాని లెక్కా ఒకటే. రెండోసారి చూశాను. అదే. కొట్టువాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆదివారం ఆరాధన పదిన్నరకు. పెద్దమ్మ తొమ్మిదికే తెల్లచీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, బొడ్లో మీటరు పెట్టుకుని బయల్దేరింది. కనిపించే చర్చికి ఇంత ముందుగా ఎందుకని అడగబోతున్నాను. ఆవిడ గడప దిగి, సిలువ ఉన్న వైపు కాకుండా దానికి వీపు తిప్పి నడవడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, గుడి అటుంది."

"తెలుసురా. దారి ఇటు."

పొలాల్లో పడి మురుక్కాలవ కట్ట ఎక్కాం. నీడ లేదు. తుమ్మముళ్ళు తప్పించుకుంటూ, ఎత్తుపల్లాల్లో మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ ఎక్కుతోంది. ఆ కట్ట ఊరంతా చుట్టి అవతల తేలుతుంది. ఊరి మధ్యలోంచి పెద్దవీధి ఉంది, సిమెంటు రోడ్డు, తిన్నగా చర్చి గేటు ముందుకే పోతుంది. నేను బండి మీద వచ్చినప్పుడల్లా దాన్లోంచే వచ్చాను.

"వీధిలోంచి పోవచ్చుగా?"

"బండ్ల మీద పోయే కుర్రాళ్ళు పోతారు. ఈ మోకాళ్ళతో నేను బండెక్కలేను. నడిచే ముసలాళ్ళం కట్ట మీదనే."

"వీధిలోకి రావద్దని ఎవరన్నారు?"

"ఇప్పుడెవరూ అనరు."

ఆగి ఊపిరి తీసుకుని చెప్పింది. కాపరానికొచ్చిన కొత్తల్లో పుట్టింటివాళ్ళు పెట్టిన చెప్పులేసుకుని ఆ వీధిలో నడిచిందట. అరుగుల మీది పెద్దలు ఆపి, ఆ చెప్పులు నెత్తిన పెట్టించి వీధి చివరిదాకా నడిపించారట. ఆ వారం నుంచి మామగారు కోడళ్ళందరినీ కట్ట మీదుగా తీసుకుపోయాడు. మామగారు పోయాడు, ఆ అరుగుల మీది వాళ్ళూ పోయారు.

"కాళ్ళకి ఇదే తెలుసురా" అంది.

అక్కడే నిలబడిపోయాను. యంత్రం ఒక్క అడుగు కూడా ఎక్కువ చెప్పలేదు. మావాళ్ళలో ముసలివాళ్ళంతా ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ ముళ్ళలో ఊరు చుట్టి వస్తుంటే, కనపడే సిలువను చూసి దగ్గరే అనుకుంటూ పాటలు పాడాం. ఆడమనిషి నెత్తిన చెప్పులు పెట్టించినవాళ్ళు హాయిగా కాలం వెళ్ళదీసుకున్నారు, వాళ్ళకు పడాల్సిన శిక్ష ఈ మోకాళ్ళకు పడింది. తలవెంట్రుకలు లెక్కపెట్టినవాడి దగ్గర ఈ అడుగులన్నీ భద్రంగా ఉంటాయని నేను నమ్ముతాను. ఒకరోజు జవాబు చెప్పాల్సినవాళ్ళు చెబుతారు. కానీ అందాకా మోకాళ్ళు ఆగవు.

"వెనక్కి పోదాం పద" అన్నాను. వద్దంది. గొడవపడ్డాను. చివరికి ముందున్న ఎత్తు చూసి, తన కాళ్ళు చూసుకుని, వెనక్కి తిరిగింది.

పెద్దవీధి మొదట్లో నీళ్ళ ట్యాంకు ఉంది. అక్కడ ఆగి వంగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చూడను కూడా లేదు.

వీధి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుతున్న ఒక రైతు తలెత్తాడు. నలభై ఏళ్ళుంటాయి. "ఏంటే మార్తమ్మా, ఇటొచ్చావ్? దారి తప్పావా?"

తల్లి వయసు మనిషిని పట్టుకుని ఏంటే! నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "లేదయ్యా, గుడికి పోతన్నాం. మా చెల్లెలి కొడుకు, గుంటూర్లో సారు" అని నన్ను లాక్కుపోయింది. దూరం వచ్చాక అంది:

"అరవకు. నువ్వు సాయంత్రం బస్సెక్కుతావు. నేను రేపు వాళ్ళ కల్లంలో కూర్చుని తాలుకాయ ఏరాలి."

చర్చి దగ్గర ఇంకా ఎవరూ రాలేదు. కట్ట దిగి చెమటలు కక్కుతూ వచ్చిన రూతమ్మ, పెద్దమ్మ ఈడుదే, చాప మీద చల్లగా కూర్చున్న స్నేహితురాల్ని చూసి ఆగిపోయింది.

"ఏవే, రాత్రి ఇక్కడే పడుకున్నావా?"

"వీధిలోంచి వచ్చానే."

రూతమ్మ నవ్వు ఆగింది. "చెప్పులతోనా?"

"చేత్తో పట్టుకునొచ్చా."

ఆ రోజు ఒకే రొట్టె తుంచుకున్నాం, ఒకే గిన్నెలోది తాగాం. ప్రభువు బల్ల దగ్గర కోపంతో నిలబడకూడదని నాకు తెలుసు. దేవుడా, ఈ ఒక్కరోజుకు క్షమించమని అడిగి నిలబడ్డాను.

ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర. రూతమ్మ కూడా మాతో వస్తానంది. సిమెంటు రోడ్డు పెనంలా కాలుతోంది. వట్టికాళ్ళతో రెండడుగులు వేసి పెద్దమ్మ, "అబ్బ, కాళ్ళు కాలిపోతున్నాయే!" అని చేతిలోని చెప్పులు కింద పడేసి తొడుక్కుంది. రూతమ్మ అటూ ఇటూ చూసింది. తనూ తొడుక్కుంది.

కుర్చీ నీడలోకి జరిగింది, రైతు అందులోనే ఉన్నాడు. ఈసారి ఆయన మొహాలు చూడలేదు, కాళ్ళు చూశాడు. నేను పిడికిలి బిగించాను. పెద్దమ్మ ఆగింది.

"ఏమబ్బాయ్, మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?"

పొద్దున అయ్యా అన్న నోరే. ఆయన పేపరు మడిచాడు. "బానే ఉంది. పడుకుంది" అన్నాడు.

"అడిగానని చెప్పు" అని చెప్పులు టపటపలాడించుకుంటూ ముందుకు నడిచింది.

ఇంటికొచ్చి మీటరు చూశాం. పొద్దున కట్ట మీదకు పోయి వచ్చినవి కలుపుకున్నా మూడు వేలు కాలేదు.

కోడికూర తిని, నాలుగింటికి ఆటోలో పర్చూరు, అక్కణ్ణుంచి పేట, పేటలో గుంటూరు బస్సు. ఆదివారం సాయంత్రం రద్దీకి సగం దారి నిలబడే వచ్చాను. ఊరికి మంచి జరిగిందని సంతోషించాలా? నా వల్ల కాలేదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద తిన్నగా నడవడానికి ఒక మనిషికి జీవితమంతా పట్టడమేమిటి? నడకకు మంచి చోటేదని అడిగేవాళ్ళకు నేను బీచి చెప్పను. మీ ఊళ్ళో ముసలివాళ్ళ వెనక ఒక్కసారి నడిచి చూడండి అంటాను.

గుంటూరు బస్టాండులో దిగుతుండగా ఫోన్ మోగింది.

"ఇంకా వాయలేదురా. వచ్చే ఆదివారం గుడికి పోతాను."

"మంచిది పెద్దమ్మా."

"మళ్ళీ వచ్చేటప్పుడు నాకూ రూతమ్మకూ చెరో జత చెప్పులు పట్రా. మెత్తటివి వద్దు. నడిస్తే కిర్రుకిర్రుమని వీధి చివరిదాకా వినపడాలి."