కరెంటు పోయేలోపు

మా టీమ్ లీడ్‌ను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. నేను జర్మనీలో, డ్రెస్డెన్ ఆఫీసులో ఉంటే, ఆవిడ కరీబియన్ సముద్రం ఒడ్డున, బెలీజ్‌లో ఓ అద్దె ఇంటి నుంచి పనిచేసేది. అక్కడ గట్టి వాన పడితే కరెంటు పోతుంది, వెనకాలే నెట్టూ పోతుంది. అందుకే ఏ కాల్‌లోనైనా పలకరింపులకన్నా ముందే, "కరెంటు పోయేలోపు ముఖ్యమైంది చెప్పేస్తా," అనేది. జర్మన్లకు ఆ పద్ధతి తెగ నచ్చింది. నాకే మొదట్లో మొరటుగా అనిపించేది.

ఇంకా ప్రోబెట్సైట్‌లోనే, అంటే ఉద్యోగం పక్కా కాకముందే, పొరపాటున ఒక కస్టమర్ డేటా అంతా డిలీట్ చేశాను. ఉద్యోగం ఉంటేనే నిలిచే నా బ్లూకార్డ్ వీసా గతేమిటని భయపడి ఆవిడకు ఫోన్ చేశాను. అవతల రేకుల మీద వాన మోగుతోంది.

"కరెంటు పోయేలోపు చెప్తున్నా తమ్ముడూ. నీ ఉద్యోగానికేం కాదు. ఆ పని నీకిచ్చింది నేను, బాస్‌తో నేనే మాట్లాడతా. ఇక బ్యాకప్ ఎక్కడుందంటే..."

లైను తెగిపోయింది. ఆవిడ మళ్లీ దొరకడానికి గంట పట్టింది. బ్యాకప్ ఎక్కడుందో తెలియకపోయినా, ఆ గంటా నేను నిమ్మళంగా కాఫీ తాగాను.

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో పాడుచేసి, ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది.

"కరెంటు పోయేలోపు చెప్తున్నా, నీ ఉద్యోగానికేం కాదు," అన్నాను.

"ఇక్కడ కరెంటు పోదు కదన్నా," అంది, కళ్లు తుడుచుకుంటూ.