"మా పాపా దా" అన్నది రైలు కూత కాదు

మా చిన్నప్పుడు... మద్రాసులో మా వంటింట్లో ఏ వస్తువూ చోటున ఉండేది కాదు. అట్లకాడ కోసం అమ్మ వెతికితే అది నాన్న హార్మోనియం పక్కన దొరికేది. మరచెంబు, కవ్వం, పాలగిన్నె మూత... అన్నీ సంచీలో వేసుకుని నాన్న రికార్డింగుకి పట్టుకెళ్ళేవాడు.

"ఇవాళ పప్పు దేంతో ఎనపమంటారు?" అనేది అమ్మ.

"సాయంత్రం తెచ్చేస్తానుగా... ఇవాళ పాటలో పప్పుగుత్తిదే అసలు పని" అనేవాడు నాన్న.

నాన్న సినిమా సంగీతంలో అరేంజర్. అంటే పాటలో ఏ వాయిద్యం ఎక్కడ పలకాలో రాసి, వాయించేవాళ్ళ చేత పలికించే మనిషి. హాస్యం పాట ఉందంటే నాన్నకే కబురొచ్చేది. ఎక్కిళ్ళతో పాట, గురకతో పాట, సైకిలు గంటతో పాట... మధ్యమధ్య రేడియోకి మాటల్లేని మెత్తని ట్యూన్లు కూడా చేసేవాడు. వయొలిన్లు, అకార్డియన్... భోజనాలయ్యాక వింటూ కునుకు తీసేలాంటివి. ఆయన పేరు మీకెవరికీ తెలీదు. తెలియకుండా చేసినవాళ్ళ గురించే ఈ పోస్టు. శాంతంగా రాయలేను, ముందే చెప్తున్నా.

ఇంట్లో నన్ను పాప అనేవాళ్ళు. నాన్న సాయంత్రం ఇంటికొస్తూ గేటు దగ్గరే నిలబడి రాగం తీసి పిలిచేవాడు... "మా... పాపా... దా, దా..." అని. మ, ప, ప, ద, ద. స్వరాలూ అవే, మాటలూ అవే. నేను ఏ ఆటలో ఉన్నా వదిలేసి పరిగెత్తేదాన్ని.

నాన్న పనిచేసే మ్యూజిక్ డైరెక్టరుని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన కొడుకు చంటి నా ఈడువాడే. సెలవుల్లో మా ఇంట్లోనే దింపి వెళ్ళేవారు. అమ్మ కలిపిన కందిపొడి అన్నం నాతోపాటే తినేవాడు. నాన్న పిలుపు వినీ వినీ నన్ను అదే రాగంలో వెక్కిరించేవాడు కూడా. సాయంత్రం పెద్దాయన కారు దిగకుండా హారన్ కొడితే, చెప్పులు చేత్తో పట్టుకుని ఉరికేవాడు.

ఒకసారి ఒక హాస్యం పాటకి ఎత్తుగడ కుదరక అందరూ తలలు పట్టుకుంటే, నాన్న నన్ను పిలిచే ఆ పిలుపునే ఈల మీద వేసి ఇచ్చాడు. వెనక మా పప్పుగుత్తితో తాళం. ఆ పాట ఎంత ఆడిందంటే... రిక్షావాళ్ళ నోట, పాలవాళ్ళ నోట అదే ఈల.

సినిమాకి అమ్మ పక్కింటివాళ్ళని కూడా తీసుకెళ్ళింది. తెరమీద సంగీతం అని పెద్దాయన పేరొక్కటే పడింది. నాన్న చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగాడు. మర్నాడు వెళ్ళి అడిగితే, వాయించేవాళ్ళందరి ముందూ "గరిటెలు మోసేవాడిక్కూడా పేరు వెయ్యాలా?" అన్నాడట పెద్దాయన. అందరూ నవ్వారట.

ఆ తర్వాత నాన్నకి కబుర్లు ఆగిపోయాయి. పిల్లలకి సంగీతం పాఠాలు చెప్పి మమ్మల్ని పెంచాడు. నా కడుపుమంట దానికి కాదు. ఆ రోజు నుంచి నాన్న నన్ను ఆ రాగంలో పిలవలేదు. ఎవరి పాటో పాడుకుంటున్నాడని వీధిలో అనుకుంటారని... ఉత్తగా "పాపా" అనేవాడు. పోయేదాకా అంతే. ఊరంతా వేసిన ఈల మా గేటు దగ్గర మాత్రం మళ్ళీ వినపడలేదు.

సరే, ఇన్నేళ్ళకి... పోయిన చలికాలం, నేనిప్పుడు పిల్లల దగ్గరుంటున్న ఈ నార్త్ యార్క్‌లో మన తెలుగువాళ్ళ పాత పాటల ప్రోగ్రాం పెట్టారు. కూతురి దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన ముఖ్య అతిథి ఎవరో కాదు, మన చంటి. ఫ్లయర్‌లో ఫొటో చూడగానే దొరికాడు అనుకున్నా.

"మామ్, ప్లీజ్... నో సీన్స్" అంది మా అమ్మాయి కారు పార్క్ చేస్తూ.

"ఇంత మంచులో పట్టుచీర కట్టుకుంది మరి దేనికనుకున్నావు?" అన్నా స్నో బూట్లు బిగించుకుంటూ.

శాలువా కప్పించుకుని చంటి మొదలుపెట్టాడు. "ఆ ఈల ట్యూను నాన్నగారికి రైల్లో వస్తుంటే తట్టిందండీ... ఇంజను కూత విని." హాలంతా చప్పట్లు. ప్రశ్నలుంటే అడగొచ్చన్నారు. మైకు ముందు నేనే అందుకున్నా.

కీబోర్డ్ వాయించే అమ్మాయిని ఆ ఈల స్వరాలు పాడమన్నా. "మ... ప ప... ద, ద... కరెక్టేనా ఆంటీ?" అంది.

"కరెక్టే తల్లీ" అని స్టేజి వైపు తిరిగా. "చంటీ, గుర్తుపట్టావా? మా అమ్మ నీకు కందిపొడి అన్నం కలిపి పెట్టేది. మా నాన్న గేటు దగ్గర నిలబడి నన్నేమని పిలిచేవాడో వీళ్ళకి చెప్పు."

గారూ లేదు, సారూ లేదు. ఆర్గనైజర్ మైకు కోసం చెయ్యి చాపాడు, నేనివ్వలేదు. చంటి శాలువా అంచు సర్దుకున్నాడు. చివరికి, చిన్నప్పుడు నన్ను వెక్కిరించిన రాగంలోనే అన్నాడు... "మా... పాపా... దా, దా..."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరికీ అర్థమైంది.

"అదండీ ఆ రైలు కూత. కట్టినాయన పేరు జోస్యుల సీతాపతి. మా నాన్న" అని మైకిచ్చేసి కూర్చున్నా.

బయటికొస్తుంటే చంటి దగ్గరికొచ్చాడు. "అప్పుడు మనం చిన్నపిల్లలం పాపా... పోనీలే" అన్నాడు. రైలు కథ చెప్పింది మాత్రం చిన్నపిల్లాడు కాదుగా. నేను పోనివ్వలేదు. ఎందుకండీ ఇన్నేళ్ళకి, క్షమించెయ్యొచ్చుగా అన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఆ వారమంతా కడుపులో చల్లగా ఉంది.

ఇప్పుడు మనవణ్ణి అన్నానికి పిలవాలంటే పక్క గదిలోకే మెసేజ్ పెట్టాలి. "కమింగ్" అని జవాబొస్తుంది, మనిషి రాడు. గుమ్మంలో నిలబడి రాగం తీసి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరున్నారు... మీ ఇంట్లో మిమ్మల్ని ఎలా పిలిచేవాళ్ళో కింద రాయండి, చదువుకుంటాను.

చంటీ, నువ్వూ ఈ గ్రూపులో ఉన్నావని తెలుసు. మీ నాన్న నిన్నెలా పిలిచేవాడో నువ్వూ రాయి. హారన్ అని రాస్తే చాలు.