ఎల్‌బీ దొర

పాసయ్యాను. బీయస్సీ, సెకండు క్లాసు. వేలిముద్రలు తప్ప సంతకం ఎరగని ఇంట్లో డిగ్రీ. ధర్మవరం స్టేషన్లో హిందూపురం బండి కోసం కూర్చుని, పక్కాయన చదువుతున్న పేపర్లో నా నంబరు చూసుకున్న ఆ పొద్దున, ఈ మాట మొదట ఆయనకే చెప్పాను.

"మంచిదేమ్మా. పేపరు నలపగాకు" అన్నాడు.

సాయంత్రానికి ఇంటికి చేరేదాన్నే. ఆగలేకపోయాను. నాయనకు చెప్పాల్సిన సంగతులు రెండున్నాయి. పాసయినది ఒకటి. రెండోది పదేళ్ళుగా దాచిపెట్టినది.

నాయన హిందూపురంలో పట్టునూలు అంగట్లో తూకం వేసేవాడు. వారానికొక రోజు పెనుకొండకు, ఒక రోజు ధర్మవరానికి తక్కెడ మూట కట్టుకుని పోయేవాడు. అప్పట్లో పట్టునూలు పౌండ్లలో తూచేవాళ్ళు. ఇత్తడి తూకపు గుండ్ల మీద రెండే ఇంగ్లీషు అక్షరాలుండేవి. నేను ఆరో తరగతికి వచ్చి ఇంగ్లీషు మొదలుపెట్టిన కొత్తల్లో నాయన ఒక గుండు నా ముందు పెట్టాడు.

"పాపా, ఇవేం అక్షరాలు?"

"ఎల్, బీ."

"పౌండంటే పీ గదా అంటాండాడు సావుకారి కొడుకు. మరి ఈడ ఎల్లెందుకుండాది?"

నాకు తెలియదు. పక్కనే అవ్వ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. "ఆడపిల్లకు ఇంగిలీసెందుకప్పా, మాన్పించు" అని నెల రోజులుగా నాయన వెంటపడుతోంది. తెలియదంటే ఆ పూటే నా బడి అయిపోయినట్టు.

"అది దొర పేరు నాయనా. ఎల్‌బీ దొర. తూకం కనిపెట్టింది ఆయనే" అన్నాను. చాలదనిపించి ఇంకొంచెం కలిపాను. "దొంగతూకం తూచినోళ్ళ చెయ్యి పట్టుకుంటాడంట."

అవ్వ మళ్ళీ బడి మాట ఎత్తలేదు. మరుసటి పొద్దు నుంచి నాయన గుండుకు కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే తక్కెడ పట్టేవాడు. పెనుకొండలో చెప్పాడు, ధర్మవరంలో చెప్పాడు. అక్కడి తూకమోళ్ళూ బొట్లు పెట్టడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు.

అన్నిటికన్నా వింత, నాకే భయం పట్టుకుంది. ఊళ్ళకు మోసుకుపోయే ఆ తక్కెడ మిగతా రోజుల్లో మా నడవలో దూలానికి వేలాడేది. గాలి లేని మధ్యాహ్నం ఒక్కోసారి ఒక తట్ట కిందికి దిగేది, ఎవరో చెయ్యి ఆనించినట్టు. కాసేపటికి మెల్లగా పైకి లేచేది. నేను అల్లిన దొరే. అయినా ఇంట్లో ఒంటరిగా ఉంటే నడవ దాటలేక పెరటి తలుపు నుంచి పోయేదాన్ని.

నేను ఎస్సెల్సీలో ఉండగా కిలోలు వచ్చాయి. పాత గుండ్లు పెనుకొండ వెళ్ళి సర్కారుకు ఒప్పజెప్పాలన్నారు. నాయన పోయి, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని తిరిగొచ్చాడు.

"గుండు బల్లమీద పెడతాంటే ఎవురో మణికట్టు పట్టుకున్నారు పాపా. తిరిగి చూస్తే ఎవురూ లేరు."

చేతి మీద మచ్చ లేదు, వాపు లేదు. కానీ ఆ రోజు నుంచి తక్కెడ పడితే చాలు, చెయ్యి వణికేది. వెంట్రుకవాసి తేడా రాని మనిషి చేతిలో ముల్లు నిలిచేది కాదు. సావుకారి తూకం ఇంకొకరికిచ్చి నాయనను నూలు చుట్టలు కట్టే పనిలో పెట్టాడు. "దొరను వదిలిపెట్టి వస్తిని. ఇంగ ఈ చెయ్యి నాది కాదు" అనేవాడు నాయన. అప్పుడైనా చెప్పాల్సింది.

కాలేజీలో ఒకరోజు లెక్చరరు వివరించాడు. పౌండుకు ఎల్‌బీ అని రాయడం రోమన్ల లిబ్రా అనే మాట నుంచి వచ్చిందట. లిబ్రా అంటే తక్కెడ. ఔన్సుకు ఓజెడ్ ఇటలీ వాళ్ళ పాతమాట నుంచి, హండ్రెడ్‌వెయిట్‌కు రాసే సీడబ్ల్యూటీలో సీ రోమన్ల నూరు నుంచి. ఏదీ మనిషి పేరు కాదు. అందరూ రాసుకుంటున్నారు. నేను చెయ్యి కదపలేదు. "పెన్నులో ఇంకు అయిపోయిందా?" అని అడిగాడాయన.

పేపర్లో నంబరు చూసుకున్న ఆ పొద్దున స్టేషన్ నుంచి ధర్మవరం పోస్టాఫీసుకు పోయి, అంగడికి ట్రంకు కాల్ బుక్ చేసి గంటకు పైగా కూర్చున్నాను. సావుకారి ఎత్తాడు. "ఏమప్పా, నీ కూతురు" అని అరిచి నాయన చేతికిచ్చాడు.

"నాయనా, పాసయినా."

"యాడ నుంచి మాట్లాడతాండావు?"

"ధర్మవరం. పాసయినా నాయనా."

"వింటిలే. ఈడ అంగడంతా వింటాండాది, అరవగాకు." గొంతులో సంతోషం దాగడం లేదు.

ఒక్క గుక్కలో చెప్పేశాను. "నాయనా, ఎల్‌బీ దొర లేడు. బడి మాన్పిస్తారని అబద్ధం చెప్పినా. ఆ అక్షరాలకు తక్కెడ అని అర్థం. పంచాంగంలో తులారాశి ఉండాదే, అదే. గుండు మీద ఉండేది నీ తక్కెడ పేరే."

లైన్లో గరగర. నవ్వాడో, దగ్గాడో తెలియలేదు.

"తక్కెడ పేరా? సరిపాయ. ఇన్నేండ్లూ తక్కెడకే బొట్టు పెట్టినానన్నమాట."

"కోపమా?"

"కోపమెందుకు? చదివేకి చెప్పినావు, చదివితివి." గొంతు తగ్గించాడు. "తక్కెడ పడతాలే రేపు. అయితే ఒక మాట చెప్పు పాపా. ఆపొద్దు నా చెయ్యి పట్టుకునిందెవురు?"

మూడు నిమిషాలైందని లైను కోసేశారు.

బండికి ఇంకా టైముంది. రసీదు వెనక రాసుకున్నాను, ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్ళను:

పెనుకొండ నూలంగడి. నాయన దగ్గర పని నేర్చుకున్నాయన. కిలో గుండ్లకు కూడా కుంకుమ పెడుతున్నాడట. ముందు దొర లేడని, తర్వాత పాసయ్యానని.

బత్తలపల్లి మామ, మిల్లు ఫోనుకు. కూలోళ్ళ చేత దొర మీద ఒట్టు పెట్టిస్తాడు.

పరిగి పోస్టాఫీసు, మా అత్తకు కబురు. పాసయిన సంగతి ఒక్కటే.

కాలేజీ ఆఫీసు, లెక్చరరుకు. లిబ్రా మాట ఖాయమేనా అని.

హిందూపురం, మళ్ళీ నాయనకు. ఆ చెయ్యి చల్లగా ఉండిందా, వెచ్చగా ఉండిందా.