తుపాకీతోని కాపురం

మొన్న శామీర్‌పేటల కూరగాయలు కొనుక్కొని వస్తుంటే ఏటీఎం ముందట డబ్బుల బండి ఆగి ఉంది. ఇద్దరు వెనక తలుపు తెరిచి ఇనుప పెట్టె దించుతున్నరు. పక్కన డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకొని ఒక పెద్దాయన నిలబడ్డడు. మీసాలు తెల్లబడ్డయి గని బూట్లు మాత్రం తళతళ మెరుస్తున్నయి. నేను ఆయన్ని చూడలేదు, ఆయన చుట్టున్నోళ్లను చూసిన. ఒకామె బిడ్డను రెక్క పట్టి గుంజుకొని రోడ్డు అవతలికి దాటింది. మిర్చిబజ్జీల బండి కాడ ఇద్దరు ఫోన్లు బయటికి తీసిన్రు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, నా ఈడోడే ఉంటడు, దగ్గరికి పోయి "అన్నా, లోపల గుండ్లుంటయా, ఊకెనే పట్టుకుంటరా?" అని అడిగిండు. పెద్దాయన పెట్టె దిక్కే చూసుకుంట నిలబడ్డడు. నాకు ఒళ్లు మండింది. "ఉంటే నీకేంది, లేకుంటే నీకేంది?" అన్న. ఆయన నా దిక్కు తిరిగి "నీకేందమ్మా మధ్యల?" అన్నడు. నాకేందో చెప్పాలంటే చానా ఉంది. సంచిల టమాటలు నలుగుతుంటే రోడ్డు మీద నిలబడి చెప్పేది కాదని ఇంటికొచ్చి రాస్తున్న.

మా ఆయన మిలటరీల చేసిండు. ఈ మాట అనంగనే వినేటోళ్ల కండ్లల్ల మంచుకొండలు, సరిహద్దులు మెదుల్తయి. ఆయన చేసింది లారీల రిపేరు. నౌకరీ ఉన్నన్ని ఏండ్లు ఇంజన్ల కింద వెల్లకిల పండుకొని నట్లు బిగించిండు. తుపాకీ కాల్చుడంటే మైదానంల నిలబెట్టిన అట్టల మీద కాల్చుడే, అందుల గూడ ఆయనకు పెద్ద పేరేం రాలేదు. రిటైరై గాజులరామారంల ఇల్లు కిరాయికి తీసుకున్నంక పని కోసం తిరిగితే, సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు సొంత తుపాకీ ఉంటే బ్యాంకుల గన్‌మన్ డ్యూటీ, లేకుంటే అపార్ట్‌మెంట్ గేటు కాడ కుర్చీ అన్నరు. ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకున్నడు, తుపాకీ కొన్నడు, మేడ్చల్ల ఒక బ్యాంకు తలుపు కాడ నిలబడ్డడు.

అసలు తిప్పలు అక్కడ మొదలైనయి. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కాబట్టి తుపాకీ ఇంకొకరి చేతికి ఇయ్యొద్దు, బ్యాంకుల ఇడిచిపెట్టి రావొద్దు. పొద్దున ఆయనతోనే పోవాలె, పొద్దుమీకి ఆయనతోనే రావాలె. నేను బౌరంపేట్ల ఒక ప్రైవేటు బడిల తెలుగు టీచర్ని. అట్ల మా ఇంట్లకెల్లి రోజూ డ్యూటీకి ముగ్గురం పోయేది: నేను, ఆయన, అది.

మొదట్ల ఖాకీగుడ్డతోని నేనే ఒక సంచి కుట్టిచ్చిన. దాంట్ల పెట్టుకొని షేర్ ఆటోల పోతుంటే పక్కన కూసున్నోళ్లకు మనసు నిలువకపోయేది. వీణనా సార్ అని ఒకరు, గాలం కట్టెనా, చేపలకా అని ఇంకొకరు. ఒకనాడు ఒకాయన అడగకుండనే గుడ్డ మీదికెల్లి ఒత్తి చూసి, చేతికి ఏం తగిలిందో అర్థమై కెవ్వుమన్నడు. సుచిత్ర చౌరస్తా దాటినంక నడిరోడ్డు మీద ఆటో ఆగింది, జనం కలుగులకెల్లి ఎలుకలు దుంకినట్టు దుంకిన్రు. ఆనాడు ఇంటికొచ్చి మా ఆయన, "గుడ్డల చుట్టుకపోతే దొంగను చూసినట్టు చూస్తున్నరు. డ్యూటీ బట్టల మీద భుజానికి ఏసుకుంటే బ్యాంకోడని తెలుస్తది" అన్నడు. అప్పటిసంది బాజాప్తా భుజానికి వేలాడేసుకొనే పోయిండు.

బ్యాంకోడని తెలిసిందో లేదో గని, ఆయన ఎక్కంగనే ఆటోల పాట బందయ్యేది. ఫోన్ల తోడికోడలిని తిట్టే ఆమె మళ్ల చేస్తనని పెట్టేసేది. బస్సుల అయితే నిలబడ్డోళ్లు జరిగి జాగ ఇచ్చేటోళ్లు, ఆయన కూసుంటే పక్కసీటు ఖాళీగా ఉండేది. కండక్టరు టికెట్ అడగకుండ పోతే, ఆయన లేచి వెనకపడి మరీ తీసుకునేటోడు. అట్ల లేచి ఎనకపడుడు చూసి జనం ఇంకా జడుసుకునేటోళ్లు. ఇంటి ఓనరైతే కింది పోర్షన్లోళ్లు లొల్లి పెట్టినప్పుడల్లా "పైన సార్‌కు చెప్తా సూడు" అని బెదిరిచ్చుడు. ఆ పైన సార్ అప్పుడు లుంగీ కట్టుకొని బెండకాయలు కోస్తుండేటోడు.

మా మందిరంల ఈస్టర్‌కు ముందటి శ్రమకాలంల సాయంత్రం ప్రార్థనలకు ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చేటోడు. మొదటినాడే పాస్టరయ్య పక్కకు పిలిచి, "బ్రదర్, దేవుని మందిరం... ఆయుధంతోని... మీరే ఆలోచన చేయుండ్రి" అన్నడు. ఆయన ఆలోచన చేసి బయట కిటికీ కాడ నిలబడ్డడు. లోపల మేం మోకరిస్తే ఆయన బయట నిలబడే కండ్లు మూసుకునేటోడు. నాకు ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు. ఇంకా కోపమొచ్చే సంగతేందంటే, ఆయన్ని చూసి పిల్లలను దగ్గరికి గుంజుకున్న ఆడోళ్లే, ప్రార్థన అయినంక "మా గల్లీల కుక్కలు మస్తున్నయి, జర ఇంటిదాక తోడు రా బ్రదర్" అనేటోళ్లు. ఈయన పోయేటోడు. నేను బైబిలు సంకల పెట్టుకొని వెనకంగ నడుచుడు.

చుట్టాలల్ల ఏ పెండ్లికి పోయినా నాకొకటే ప్రశ్న: "వదినా, అన్న ఎవరినన్న కాల్చిండా?" లేదంటే వాళ్ల మొఖాలు చిన్నగయ్యేవి, నేనేదో దాచిపెట్టినట్టు. మా ఆడబిడ్డ మొగడు ఒకసారి ఆదివారం పొద్దున్నే వచ్చిండు. శామీర్‌పేట దిక్కు ఆయనకొక ప్లాటుంది, పక్క ప్లాటోడు హద్దు కడీలు జరిపిండట. "బావా, నువ్వేం చెయ్యొద్దు. దాన్ని భుజానికి ఏసుకొని ఊకె వచ్చి నిలబడు. గంతే" అన్నడు. మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇయ్యాల నిలబడమంటవు, రేపు ఎత్తి సూపెట్టమంటవు. గీ పని నాతోని కాదు" అన్నడు. ఆడబిడ్డ మొగడు చాయ్ తాగకుండనే లేచిపోయిండు. ఆడబిడ్డ మా ఇంటికి రాకపోకలు బంద్ చేసింది.

తుపాకీని చూసి గూడ చూడనట్టే ఉన్నది ఒక్కడే, మేడ్చల్ల బ్యాంకు ఎదురుంగ చాయ్ హోటల్ నడిపే చాచా. ఆయనది శామీర్‌పేట పక్క పల్లె, పొలం కౌలుకిచ్చి హోటల్ పెట్టుకున్నడు. పొద్దున్నే "క్యా ఉస్తాద్, మలాయ్ ఎక్కువనా?" అని అడుగుడు తప్ప ఇంకో మాట లేదు. మా ఆయన ఇంటికొచ్చి చాచా గురించి చెప్తుంటే, మనిషిని మనిషిలెక్క చూసినందుకే ఇంత సంబరపడాల్నా అని నాకనిపిచ్చేది.

ఇగ ఆ వానరోజు సంగతి. పొద్దటిసంది ఒకటే ముసురు. గండిమైసమ్మ చౌరస్తా కాడ నీళ్లు నిలిచి బస్సులు వస్తలేవని తెలిసి, మా ఆయన డ్యూటీ జల్దీ దిగి, చాచా బండి అడుక్కొని నన్ను తీసుకపోవడానికి బౌరంపేట్ వచ్చిండు. మా బడిల టీచర్ల ఫోన్లు ఆఫీసు రూంల పెట్టాలె, కాబట్టి ఆయన చేసిన ఫోన్లు నాకు తెల్వదు. గేటు ఎదురుంగ జిరాక్స్ దుకాణం రేకుల కింద బండి ఆపి, రెయిన్‌కోట్ విప్పి, తుపాకీ మీద పడ్డ వాననీళ్లను చేతిరుమాలుతోని తుడుసుడు మొదలుపెట్టిండు. కిందికెల్లి మీదికి, మీదికెల్లి కిందికి, నిమ్మళంగ. అప్పుడే పిల్లను తీసుకపోవడానికి కారుల వచ్చిన ఒక తల్లి అది చూసింది. ఫొటో తీసింది. బడి గ్రూపుల పెట్టింది.

నేను ఏడో తరగతిల సంధులు చెప్తున్న. బెల్లు ఆగకుండ మోగింది. పీటీ సారు వరండల ఉరుకుతా, "తలుపులు మూయుండ్రి! లైట్లు తీయుండ్రి! గేటు కాడ తుపాకోడు ఉన్నడు!" అని అరిచిండు. పిల్లలను బెంచీల కిందికి పంపి నేను గూడ టేబుల్ పక్కన కూలబడ్డ. ముందు బెంచీ అమ్మాయి నా చీర కుచ్చిళ్లు గట్టిగ పట్టుకుంది. "టీచర్, వాడు లోపలికొస్తడా?" అంది. "రాడు బిడ్డా" అన్న. గడియ సరిగ్గ పడ్డదా లేదా అని తలుపు దిక్కే చూసుకుంట నాకొచ్చిన ప్రార్థనలన్నీ చేసిన. అంత భయం నేను మళ్ల ఎప్పుడూ పడలేదు. కొంచెంసేపయినంక బయట ఏం జరుగుతాందో చూద్దామని పాక్కుంట పోయి కిటికీ అంచు మీదికెల్లి తల ఎత్తిన.

రేకుల కింద మా ఆయన. బండి హ్యాండిల్‌కు జామపండ్ల సంచి వేలాడ్తాంది.

ప్రాణం కుదుటపడ్డదని అంటే అబద్ధం. అరికాలి నుంచి నెత్తిదాక మంటలేచింది. "లెవ్వుండ్రి పిల్లలూ, ఆయన మా ఆయనే" అన్న. ఒక్కరు గూడ లేవలేదు. బెంచీ కిందికెల్లి ఒక గొంతు, "టీచర్ వాళ్ల సార్ డాకూ అట" అంది. కిందికి పోతుంటే ప్రిన్సిపల్ మేడం ఆఫీసు తలుపు సందుల నుంచి "మీరు ఎమోషనల్ కాకండి మేడం" అన్నది. మా ఆయన మేడం, గన్‌మన్ మేడం అంటే వినదు. గేటు తియ్యమంటే వాచ్‌మన్ తియ్యడు. ఆఖరికి కమ్మీలు పట్టుకొని అరిచిన: "ఏమయ్యా! ఆ తుడుసుడు బంద్ చెయ్యి!" ఆయన తలెత్తి, మొఖమంత నవ్వుతోని, "వచ్చినవా టీచరమ్మా? జామపండ్లు తెచ్చిన" అన్నడు.

అప్పుడే పోలీసు బండ్లు వచ్చినయి. వాళ్లను చూడంగనే ఆయన నవ్వు పోయింది. తుపాకీని మెల్లగ నేల మీద పెట్టి, రెండడుగులు వెనకకు జరిగి, చేతులు రెండు కనబడేటట్టు పట్టుకున్నడు. బడి కిటికీలన్నిట్ల మొఖాలే. ఆ వానల, అంతమంది ముందట, నేరం చేసినోడి లెక్క ఆయన నిలబడ్డది చూసి నా కోపం ఆయన మీదికెల్లి మిగిలినోళ్లందరి మీదికి మళ్లింది. గేటు ఇంకా తీస్తలేరని పక్కనున్న చిన్న తలుపు గొళ్లెం నేనే గుంజి బయటికి ఉరికిన. ఎస్సై వయసుల చిన్నోడు. లైసెన్సు చూసిండు, బ్యాంకు కార్డు చూసిండు. "అన్నా, అన్నీ సక్కగనే ఉన్నయి. బడి ముందట తుపాకీ తుడుసుడేందన్నా?" అని అడిగిండు. "తుప్పు పడ్తది సార్" అన్నడు ఈయన. అయినా స్టేషన్‌కు రాక తప్పదన్నరు. జీపుల ఆయన పక్కన నేను కూసున్న, ఒళ్ల జామపండ్లు పెట్టుకొని. స్టేషన్ల ఎస్సై, "ఇట్ల బయటికి తిప్పొద్దన్నా, కవరుల పెట్టుకోవాలె" అని గట్టిగనే చెప్పిండు. కవరుల పెట్టినప్పటి ఆటో సంగతి మా ఆయన చెప్పబోతే నేను చెయ్యి నొక్కిన.

ఇంటికొచ్చేసరికి బౌరంపేట్ల బడి మీద దాడి అయ్యిందని ఊరంత తెలుసు. అన్ని రోజులు మాట్లాడని ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, ఎంతమందిని కాల్చిండు?" అని ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసిన. తెల్లారి కొంతమంది తల్లిదండ్రులు నన్ను తీసేయాలన్నరట. మేడం పిలిచి, "మీవారు ఇటు దిక్కు రాకుండ చూసుకుంటరా?" అన్నది. "ఆయన వచ్చింది వానల నేను తడవొద్దని మేడం. ఆయన రాడు గని, తప్పు చేసిండని మాత్రం నాతోని అనిపియ్యకండి" అన్న. ఆమె కాగితాలు సర్దుకుంది. బయటికి రాంగనే గేటెడ్ కమ్యూనిటీల ఉండే ఒక తండ్రి నన్ను ఆపి, చిన్నగ, "మేడం, సార్ నంబర్ ఇస్తరా? మా గృహప్రవేశానికి పెద్దోళ్లు వస్తరు, గేటు కాడ గన్‌తోని ఒకరు నిలబడితే బాగుంటది" అన్నడు. ముందునాడు గ్రూపుల అందరికన్న ముందు లొల్లి చేసింది ఆయనే. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక వాన చినుకుల్లోనే బస్టాపుకు నడిచిన.

నా కొలువు నిలబడ్డది, ఆయనది పోయింది. ఫొటో చూసి బ్యాంకోళ్లు ఈ మనిషి వద్దంటున్నరని ఏజెన్సీవాళ్లు చెప్పిన్రు. అన్నేండ్లు ఎవరి తలుపు కాడ నిలబడ్డడో వాళ్లల్ల ఒక్కరన్న ఫోన్ చెయ్యలేదు.  మా ఆయన మంచం మీద కూసోని బూట్లకు పాలిష్ పెట్టుకునుడు, తొడుక్కోకుండనే మళ్ల పక్కకు పెట్టుడు. ఆ కొన్ని వారాలు ఆ బూట్లను చూడలేక నేను బడిల ఎక్కువసేపు ఉన్న. ఒకనాడు చాచా తనే వెతుక్కుంట గాజులరామారం వచ్చిండు, ఫ్లాస్కుల చాయ్ పట్టుకొని. "పరేషాన్ కాకు ఉస్తాద్. మా అల్లుడు తుర్కపల్లిల కంపెనీ క్యాబుల కాడ పనిచేస్తడు. ఇంజన్ల సంగతి తెలిసినోడు కావాలట. నువ్వు జల్దీ రా" అన్నడు. మా ఆయన తలకాయ దించుకొని, "తుపాకీ?" అన్నడు. చాచా గ్లాసుల చాయ్ పోస్తా, "ఇంజన్‌కు తుపాకీతోని ఏం పని?" అన్నడు.

పర్మిషన్ తీసుకొని తుపాకీని లైసెన్సున్న దుకాణంల అమ్మేసినం. కొత్త పనికి దగ్గరని శామీర్‌పేటకు ఇల్లు మార్చినం. ఇప్పుడు ఆయన ఒళ్లంత గ్రీజుతోని వస్తడు. బస్సుల ఎవరూ జాగ ఇయ్యరు, పక్కోళ్లు ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోతరు. మందిరంల నా పక్కనే కూసోని వాక్యం నడుస్తుండంగ కునుకు తీస్తడు, నేను మోచేత్తోని పొడుస్త. తుపాకీ పోయిన కొత్తల ఆయన కుడిభుజం ఎడమదానికన్న కొంచెం పైకి లేచి ఉండేది, లేని పట్టీ జారిపోతదేమోనని ఎత్తిపట్టుకున్నట్టు. దర్జీ గూడ చొక్కా కొలత తీసుకుంట అడిగిండు. నిన్న ఈ రాతల కోసమని ఆయన్ని వెనకకెల్లి నిలబెట్టి చూసిన. రెండు భుజాలు సమానంగ ఉన్నయి. అది ఎప్పుడు దిగిందో నాకు తెల్వదు. రోజూ ఒకే కంచం ముందట కూసున్న మనిషిల గూడ కాలం తన పని తను చేసుకుంట పోతది, మనకు మాటన్న చెప్పదు.