నాగమణి రిపోర్టు, సాయవ్వ రిపోర్టు

నిన్న పొద్దున స్వాతి ఫోన్ చేసి, "అమ్మ చనిపోయింది టీచర్ గారూ" అంది.

"ఎవరి అమ్మ?" అని అడిగాను.

స్వాతి మా వెనక వీధి నాగమణి కూతురు. ఆ సంగతి నాకు తెలియక కాదు. అలా ఎందుకు అడిగానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

బాన్సువాడలో నా దగ్గర బయాలజీ చదువుకున్నవాళ్లకు ముందే చెబుతున్నాను. కింద కామెంట్లలో "ఆర్‌ఐపీ" అని పడేసి పోవద్దు. నాగమణి ఎవరో చదివి, ఒక పూర్తి వాక్యం రాయండి.

ఆమె పుట్టిల్లు వర్ని దగ్గర. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం.

కొన్నేళ్ల కిందట ఆమెకు బ్రెస్ట్ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక, రిపోర్ట్ కోసం ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం. పక్క కుర్చీలో సాయవ్వ. మా వైపే, పెద్ద కొడప్‌గల్ ఊరి మనిషి. అదే జబ్బు, అదే ఆపరేషన్. మా మాటలు విని, మీరు బాన్సువాడోళ్లా అంటూ దగ్గరికి జరిగింది.

రెండు రిపోర్టులూ నేనే చదివి చెప్పాను.

గడ్డ ముక్కలో ఏ ప్రొటీన్లు ఎంత ఉన్నాయో చూసి, జబ్బు ముందు ముందు ఎలా నడుస్తుందో అంచనా వేస్తారు. నాగమణి గడ్డలో హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్లు బాగా ఉన్నాయి, పెరిగే వేగం తక్కువ. మెల్లగా నడిచే రకం, కీమో అక్కర్లేదు, రోజూ మాత్ర వేసుకుంటే చాలన్నాడు డాక్టర్.

సాయవ్వది పూర్తిగా తలకిందులు. హార్మోన్ ప్రొటీన్లు లేవు, హెర్-టూ అనే ప్రొటీన్ విపరీతంగా ఉంది. దూకుడు రకం. కీమో కావాలి, ఆ ప్రొటీన్‌ను అణచడానికి ఏడాది పాటు ఇంజెక్షన్లు కావాలి.

సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాగమణికి ఏడ్చేవాళ్ల పక్కన ఊరికే కూర్చోవడం రాదు. "ఊరుకోవే. నీదీ నాదీ కలిపేసి చెరి సగం పంచేసుకుందాం, సరేనా?" అంది.

సాయవ్వ ముక్కు తుడుచుకుంది. "సరే తియ్ అక్కా. నా దాంట్ల తాలు గింజలు ఎక్కువున్నయి, ఎనక లొల్లి వెట్టద్దు మల్ల."

ఆసుపత్రిలో అంత గట్టిగా నవ్వుతారా అని ఇద్దరినీ కసిరాను.

తర్వాత సాయవ్వకు జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడు బాగుంది.

నాగమణి ఒక్క మాత్ర కూడా మానలేదు. పోయిన ఏడాది నడుం నొప్పి అంది. నాట్ల పనుల వల్ల అనుకున్నాం. అప్పటికే ఎముకలకు పాకింది. ఆపైన కాలేయానికి.

డాక్టర్‌ను అడిగాను. ఆ ప్రొటీన్లు నూరు మంది సంగతి చెబుతాయి, ఆ నూరు మందిలో ఈమె ఎటు ఉంటుందో చెప్పలేవు అన్నాడు.

పాఠంగా నాకు అర్థమైంది. పిల్లలకైతే చెప్పగలను కూడా. కాని నేను లెక్క కుదిరేదాకా లేవని మనిషిని. ఇది కుదరడం లేదు.

నిన్న మధ్యాహ్నం సాయవ్వ వచ్చి నాగమణి ఇంటి గేటు బయటే నిలబడిపోయింది. ఎంత పిలిచినా లోపలికి రాదు. నేనే వెళ్లాను.

"మొకం ఎట్ల చూపియ్యాలె టీచరమ్మా. గా దినం సగం ఇస్తనంటే తీస్కున్న. గామె ఆయుష్షు నేనే తిన్న. ఇగ చెకప్‌కు పోను. ఇంకెంత తినాలె."

వచ్చే వారం ఆమెకు చెకప్ ఉంది. మానేస్తే, ఆ దూకుడు జబ్బు తిరిగి వచ్చినా కనిపెట్టేవాళ్లు ఉండరు.

ప్రొటీన్ ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి పోదని చెప్పాను. తల ఊపింది, కదల్లేదు. "మరి గామె ఎట్ల వోయింది?" అంది.

డాక్టర్ చెప్పిన నూరు మంది లెక్క మొదలుపెట్టాను.

ఇంతలో స్వాతి బయటికి వచ్చింది. మా మాటలు విన్నట్టుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. సాయవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఇచ్చిందనే అనుకో పిన్నీ. అమ్మ ఇచ్చినదాన్ని నువ్వు పారేస్తావా?"

అది సైన్సు కాదు. నేను దిద్దలేదు.

సాయవ్వ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నాగమణి కాళ్ల దగ్గర కూర్చుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు, చెకప్‌కు తోడు వస్తారా అని నన్ను అడిగింది. వస్తానన్నాను. తానూ ఒకసారి చూపించుకుంటానని స్వాతి అంది.

నాగమణీ, ఎందుకిలా అయిందో నాకు తెలియదు. తెలియకుండానే నిన్ను పంపుతున్నాను. నొప్పి లేని చోట హాయిగా నిద్రపో.