పద్దెనిమిదో నంబరు పెరడు

బిందుమాధవికి కుక్కలంటే భయం లేదు, గేటు తాళాలంటే విసుగూ లేదు. ఆమెకు ఒళ్లు మండేది ఒకే ఒక్క మాటకి. "మా ఇంట్లో దోమల్లేవు" అన్న మాటకి. పదకొండేళ్లుగా వింటోంది. ఆ మాట అన్నవాళ్ల పెరట్లోకి వెళ్లి పూలకుండీ కింద సాసర్లోకి టార్చి వేస్తే చాలు, లార్వాలు తోకలు విదిలించుకుంటూ ఈదుతుంటాయి. చూపిస్తే అప్పుడైనా సిగ్గుపడతారా అంటే, అదీ లేదు. పక్కింటివాళ్ల కుండీలు చూశారా అని ఎదురు అడుగుతారు.

క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరంలో, చెరకు తోటలు సముద్రం దాకా పరుచుకున్న చిన్న ఊరు వాళ్లది. భర్తకు చక్కెర మిల్లులో ఉద్యోగం. ఆమె వైజాగులో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, ఇక్కడికొచ్చాక మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి, చివరికి కౌన్సిల్లో దోమల ఇన్‌స్పెక్టరుగా చేరింది. నిచ్చెన, టార్చి, ఒక ట్యాబు, అదీ ఆమె ఆఫీసు. బార్బెక్యూ విందులకి వెళ్తే తెలుగువాళ్లే ఆటపట్టించేవారు, ఎమ్మెస్సీ చదివి దోమలు పట్టడమేమిటని. వాళ్ల పిల్లలు 'మొజ్జీ ఆంటీ', అంటే దోమల ఆంటీ అని పేరు పెట్టారు. ఆమె నవ్వేది గానీ, ఇంటికొచ్చాక భర్త మీద విరుచుకుపడేది.

ఆమె పనికి విలువ ఇచ్చిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరే, డాక్టర్ ద్వారకానాథ్. కాకినాడలో చదివి, ఇక్కడ నలభై ఏళ్లు వైద్యం చేసి రిటైరైన పెద్దాయన. ఏటా ఉగాది సభలో ఎల్లో ఫీవర్ గురించి ఆయన ఉపన్యాసం ఉండాల్సిందే. ఆ జ్వరం ఆస్ట్రేలియాలో లేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం ఇక్కడుంది, డెంగీని మోసేదీ అదే అని మొదలుపెట్టేవారు. ఎల్లో ఫీవర్ దోమ పని అని హవానాలో ఒక డాక్టరు మొత్తుకుంటే ఇరవై ఏళ్లు ఎవరూ చెవిన పెట్టలేదట. రోగుల దుప్పట్లే కారణమని వాటిని తగలబెట్టేవారట. చివరికి కొందరు కుర్రాళ్లు రోగులు కక్కిన దుప్పట్లలోనే రాత్రుళ్లు పడుకుని చూశారు, ఒక్కడికీ జ్వరం రాలేదు. దోమ కుట్టినవాళ్లకి వచ్చింది. ఆ పరిశోధనలో ఒక డాక్టరు ప్రాణమే పోయింది.

అందరూ ఎదురుచూసేది మాత్రం పనామా కథకి. అక్కడి ఆసుపత్రిలో మంచాల మీదికి చీమలు ఎక్కకుండా ఒక్కో కోడు కింద నీళ్ల గిన్నె పెట్టేవారు. దోమలు పుట్టింది ఆ గిన్నెల్లోనే. "జ్వరం తగ్గించుకోడానికొచ్చిన వాడికి డాక్టర్లే జ్వరం పెంచి పెట్టారు" అనేసరికి హాలంతా నవ్వేది. అప్పుడాయన ముందు వరసలో కూర్చున్న బిందుమాధవిని చూపించి, ఆ గిన్నెలు వెతికే పనే మన బిందు చేస్తోందని చెప్పేవారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఆమె కళ్లనీళ్లు ఆపుకోలేకపోయింది.

ఈ ఏప్రిల్లో, వానలు వెనకబట్టాక, ఆ డాక్టరుగారి వీధిలోనే డెంగీ వచ్చింది. బాలీ వెళ్లొచ్చిన ఒకాయనతో మొదలై, రెండు వారాలకి చుట్టుపక్కల ఇద్దరికి అంటుకుంది. వీధిలో నలభై ఒక్క ఇళ్లు. దోమలు పుడుతున్న చోటు దొరికితే ఇది ఇక్కడితో ఆగుతుంది, లేకపోతే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. బిందుమాధవి ప్రతి ఇంటికీ రెండేసి సార్లు వెళ్లింది. ట్యాబులో ప్రతి ఇంటికీ 'పెరడు చూశాం' అనో 'చూడలేదు' అనో నొక్కాలి. చూడకపోతే కారణం కూడా నొక్కాలి: కుక్క ఉంది, గేటు తాళం, ఇంట్లో ఎవరూ లేరు, ఒప్పుకోలేదు, ఇతరం.

పద్దెనిమిదో నంబరు ద్వారకానాథ్‌గారిది. రెండుసార్లూ ఆయన వరండాలోనే కూర్చోబెట్టారు. భార్య శేషుకుమారి కాఫీ తెచ్చింది. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసనేస్తాయని, పప్పు సరిగా ఉడకదని, ఆవిడ కాఫీకీ వంటకీ వాననీళ్ల ట్యాంకే వాడుతుంది. ఆ కాఫీ రుచికి ఊళ్లో పేరుంది. పెరడంతా రోజూ తానే చూసుకుంటున్నానని డాక్టరుగారు అన్నారు. తన పనికి గౌరవం తెచ్చిపెట్టిన మనిషితో, లేవండి అంకుల్, మీ పెరడు చూడాలి అనడానికి ఆమెకు నోరు రాలేదు. కాఫీ తాగి, రెండుసార్లూ 'చూశాం' అని నొక్కింది.

ఆ తర్వాత పదిరోజులు తల ప్రాణం తోకకొచ్చింది. దోమల లెక్క తెలియడానికి వీధి నడుమ ఇళ్లలో పెట్టిన నల్ల బకెట్ల ఉచ్చుల్లో దోమలు తగ్గకపోగా పెరిగాయి. ఇరవై రెండో నంబరులో పాత టైర్ల వ్యాపారి మీద ఆమెకు మొదటినుంచీ అనుమానం. అతను మూడుసార్లు పెరడు శుభ్రం చేసినా మళ్లీ వెళ్లింది, కేకలేసింది, నోటీసిచ్చింది. ఇంకా ఏం చెయ్యమంటావని అతను రెండు చేతులూ ఎత్తేశాడు. పై ఆఫీసునుంచి రోజూ ఫోను. నలభై ఇళ్లవాళ్లనీ మనసులో తిట్టుకుంది. మిగిలిన ఆ ఒక్క ఇల్లు ఆమె లెక్కలోకే రాలేదు.

శుక్రవారం శేషుకుమారిని ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. బిందుమాధవి పరిగెత్తింది. చేతికి సెలైను, ముఖం వాడిపోయి ఉంది, అయినా ఆవిడ ధ్యాసంతా ఇంటి మీదే.

"మీ అంకుల్‌కి చెప్పమ్మా, కాఫీకి నీళ్లు గుడ్డలో వడగట్టుకోమను. ఈమధ్య ట్యాంకులోంచి సన్న పురుగులొస్తున్నాయి. తోకాడించుకుంటా ఉంటాయి."

ఎప్పట్నుంచి అని అడిగింది బిందుమాధవి. వానలు తగ్గిన దగ్గర్నుంచీ అని చెప్పింది శేషుకుమారి. ఆయనకు చెబితే ట్యాంకు నీళ్లలో అవి మామూలేనన్నారట.

పద్దెనిమిదో నంబరు చేరగానే ఆమె వరండా ఎక్కలేదు. పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచి ట్యాంకుకి నిచ్చెన వేసింది. పైన వాననీళ్లు పడే చోట, దోమలు దూరకుండా ఉండాల్సిన జల్లెడ లేదు. ఆకులు అడ్డుపడుతున్నాయని ఎవరో విప్పి గోడవారగా పెట్టారు, దాని మీద బూజు కూడా పట్టింది. టార్చి వేసింది. ఆ వెలుగుకి నీళ్లన్నీ కదిలాయి. ఆ నీళ్లతోనే తను రెండుసార్లు కాఫీ తాగింది.

దిగేసరికి ద్వారకానాథ్‌గారు అక్కడ నిలబడి ఉన్నారు. ఆయనకు అర్థమైపోయింది. జల్లెడ మొన్నటి గాలికి ఊడిపోయిందని రాస్తే సరిపోతుందేమోనన్నారు.

"నా పరువు సంగతి వదిలెయ్యి. నీ జాబ్‌కి కూడా ప్రాబ్లెం రాదు కదమ్మా. నువ్వొచ్చినప్పుడు జల్లెడ ఉన్నట్టే అవుద్ది."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మీదా, అంతకంటే తన మీదా. పనామా గిన్నెల గురించి ఏటా హాలంతా నవ్వించిన మనిషి ఇలా మాట్లాడతారా అనుకుంది. కానీ ఆ మాట వినగానే తన మనసుకి కాస్త హాయిగా అనిపించిన సంగతి ఆమె తన దగ్గర తనే దాచుకోలేకపోయింది. టైర్లవాడికి ఇచ్చిన నోటీసు గుర్తొచ్చింది.

"ఆంటీ ఆసుపత్రిలో ఉన్నారంకుల్," అంది. "అలా రాయలేను."

పెద్దాయన ట్యాంకు పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నారు. ఒక్కసారిగా ముసలాయనైపోయినట్టు కనిపించారు. తలెత్తి, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు.

"మరి నువ్వు ఆ రోజే ఎందుకు చూళ్లేదమ్మా?"

పదకొండేళ్లుగా ఊరందరి సాకులూ పళ్లు కొరుక్కుంటూ విన్న మనిషి, తన సాకు కోసం వెతుక్కుంది. దొరకలేదు. ట్యాబు తీసి, పద్దెనిమిదో నంబరు తెరిచి, ఏప్రిల్లో తను నొక్కిన రెండు 'చూశాం'లనీ 'చూడలేదు'గా మార్చింది. కారణమేమిటని ట్యాబు అడిగింది. ఆ ఇంట్లో కుక్క లేదు. గేటుకి తాళం లేదు. ఇంట్లో మనుషులున్నారు. ఒప్పుకోకపోవడానికి, ఆమె అడగనేలేదు. చివరికి 'ఇతరం' నొక్కి, కింద ఖాళీలో ఇంగ్లీషులో రెండే ముక్కలు టైపు చేసింది: మావాళ్ల ఇల్లు.