నాన్న టేపు చుట్టిన కొమ్మ

ఆ కొమ్మ చచ్చిపోయిందట! ఫోటో పెట్టగానే బోన్సాయ్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట. ఈ జునిపర్ మొక్క చచ్చాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుందట, కత్తిరించెయ్యాలట.

వాళ్లకేం తెలుసు? మా ఊళ్లోని బారిడీహ్ నర్సరీలో కొన్న మొక్కకి ఫోన్లో వీడియో చూస్తూ వైరు చుట్టి వంచుతుంటే, కొమ్మ ఫట్‌మని చీలింది. కోపంతో కుండీని తన్నబోయాను. గమ్హరియా ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే నాన్న ఆపాడు.

"ఏటే, మొక్క మీద కూడా కోపమేనా?"

"ఛోడో నా నాన్నా, బేకార్ హో గయా!" ఇక పనికిరాదు, వదిలెయ్యమని ఇక్కడి హిందీలోనే కసిరాను.

"ఉండవే, జాయింటు కట్టేత్తాను" అంటూ నల్ల కరెంటు టేపు బిగించి చుట్టాడు.

ఆ వారమే గుండెపోటుతో నాన్న పోయాడు. ఒక్కసారి మళ్లీ "ఏటే" అంటే చాలనిపిస్తోంది. టేపు మీద ఆయన గ్రీజు వేలిముద్ర అలాగే ఉంది. కొమ్మ ఇంకా పచ్చగానే ఉంది. మీరైతే కత్తిరిస్తారా?